కల్పలత ఇరవై ఏళ్ల గ్యాపు

మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లను మళ్లీ యూనివర్సిటీకి పిలిచి ఆదుకునే పథకాలున్నాయే, వాటిని ఆడిపోసుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. కాగితాలు ఎక్కువట, ఆఫీసుల చుట్టూ తిప్పుతారట. తిప్పకపోతే నేర్చుకునేదెలా? డిగ్రీ చేతికి రావాలంటే రెండేళ్లు పడుతుంది. ఆ పథకానికి అప్లై చేసి చూడండి, రెండు నెలల్లో చట్టం, చరిత్ర, భూగోళం, యోగాభ్యాసం అన్నీ వచ్చేస్తాయి. అదీ ఒక్క పైసా ఫీజు లేకుండా!

నమ్మకం కుదరకపోతే, రాంగోపాల్‌పేట్‌లో మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్న హరికిషన్ భార్య కల్పలత సంగతి వినండి.

కల్పలతకు నలభై రెండేళ్లు. ఇరవై రెండో ఏట ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాదిలో ఉండగా పెళ్లయింది. నాలుగో నెలలో అత్తగారు దేవమ్మకు పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది. వారం రోజులు సెలవు పెట్టి ఇంట్లో ఉన్న కోడలు ఆ సెలవులోనే ఇరవై ఏళ్లు ఉండిపోయింది. చదువు మానెయ్యమని ఎవరూ అనలేదు. మానొద్దని కూడా ఎవరూ అనలేదు.

మూడేళ్లు పట్టుకుని నడిపించి దేవమ్మను కర్ర ఊతంతో నిలబెట్టింది. మధ్యలో కూతురు సృజన పుట్టింది. దేవమ్మ లేచి నిలబడ్డ ఎండాకాలమే షాపులో వైండింగ్ చేసే మనిషి పని మానేసి సొంత షాపు తెరుచుకున్నాడు. కాలిపోయిన కూలర్లు, ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు గుమ్మం దాకా పేరుకుపోయాయి. హరికిషన్‌కు గిరాకీతో మాట్లాడడం వచ్చు, బేరింగులు మార్చడం వచ్చు. చుట్లు లెక్కపెడుతూ కూర్చునే ఓపిక మాత్రం లేదు.

కల్పలత ఒక మోటార్ విప్పింది. పాత కాయిల్ చుట్లు లెక్కపెట్టింది. తీగ మందం చూసుకుని కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పూసి ఆరబెట్టింది. మర్నాడు స్విచ్ వేస్తే మోటార్ తిరిగింది. పుస్తకంలో ఐదు మార్కుల ప్రశ్నగా చదివిన అయస్కాంత క్షేత్రం కళ్లముందు గిర్రున తిరుగుతుంటే ఆమెకు ఎంత సంతోషమేసిందో ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత తీరిక ఏదీ? రెండో మోటార్ ఎదురుచూస్తోంది. అప్పటి నుంచి పదిహేడేళ్లుగా ఆ షాపు నుంచి బయటికి వెళ్లిన ప్రతి మోటారూ, వెనక గదిలో ఆమె చేతిమీదుగా వెళ్లిందే.

నిరుడు సృజన డిగ్రీలో చేరింది. ఒక సాయంత్రం ఫోన్ తెచ్చి తల్లికి చూపించింది. నగరంలోనే ఒక యూనివర్సిటీ వాళ్ల ప్రకటన. పెళ్లి, పిల్లలు, ఇంటి బాధ్యతలతో చదువు ఆగిపోయిన మహిళల కోసం ‘పునరాగమనం’ పథకమట. ఫీజు వాళ్లే కడతారు. రెండేళ్లు నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. చదువయ్యాక ఉద్యోగం దొరికేదాకా కెరీర్ సెల్ వెన్నంటి ఉంటుంది. గులాబీ రంగు చీర కట్టుకున్న ఒకావిడ పుస్తకం గుండెకు హత్తుకుని నవ్వుతున్న బొమ్మ కూడా ఉంది.

కల్పలత మూడు నెలలు చదివింది. కాయిల్ ఆరేలోపు ఒక చాప్టర్, అన్నం ఉడికేలోపు నాలుగు లెక్కలు. ఎంట్రెన్స్ రాసింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో సీటొచ్చింది. హరికిషన్ షాపుకు వచ్చిన గిరాకీకంతా లడ్డూలు పంచాడు. పంచడం అయ్యాక గుర్తొచ్చినట్టు, మరి మోటార్లు ఎట్ల అన్నాడు. దానికే కదా స్టైపెండ్ అంది కల్పలత. ఆ డబ్బుతో వైండింగ్‌కు మనిషిని పెట్టుకోవచ్చు. అలా పథకం మీద ఆశ పెట్టుకుని అప్లికేషన్ తెరిచారు.

ఇక్కడి నుంచి పథకం గొప్పతనం షురూ.

మొదట వెబ్‌సైట్ ఆమె తండ్రి మొబైల్‌కు ఓటీపీ పంపింది. నలభై రెండేళ్ల ఆడమనిషి తండ్రిని మరిచిపోకూడదు కదా! ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. ఆమె పాత రికార్డుల్లో ఉన్న ఆ నంబరు ఇప్పుడు ఫకీర్ అనే ఆటో డ్రైవర్ దగ్గరుంది. ఆయన సైడుకు ఆటో ఆపి మరీ నాలుగుసార్లు ఓటీపీ చదివి చెప్పాడు. వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి, అయిందా అక్కా అని అడిగాడు. యూనివర్సిటీ నుంచి అలా అడిగినవాళ్లెవరూ లేరు.

తర్వాత అర్హతలు. చదువు ఆగి కనీసం పదేళ్లయినా కావాలి. జతచేసే సర్టిఫికెట్లు మాత్రం ఐదేళ్లకు మించి పాతవి కాకూడదు. ఇందులో తప్పేముంది? ఆడవాళ్లు రెండు పడవల మీద కాళ్లు పెట్టి నిలబడడం ఎప్పటి నుంచో చేస్తున్న పనే.

పాత కాలేజీ నుంచి టీసీ తెమ్మన్నారు. నేరేడ్‌మెట్ వైపు ఉండే ఆ కాలేజీకి వెళ్తే అక్కడ ఫంక్షన్ హాలు ఉంది. గేటు దగ్గర మేనేజర్ నిశ్చితార్థమా, రిసెప్షనా అని మర్యాదగా అడిగాడు. టీసీ కావాలంది కల్పలత. టీ కాఫీ కౌంటర్ పెడితే దానికి వేరే చార్జి పడుతుందని చెప్పాడాయన. చివరికి వాచ్‌మన్ జాలిపడి, కాలేజీ రికార్డులు బొల్లారంలో ఒక గోడౌన్‌లో ఉన్నాయని ఆచూకీ చెప్పాడు. మూడోసారి వెళ్లినప్పుడు, చెదలు పట్టని ఏకైక కట్టలో ఆమె పేరు దొరికింది. చరిత్రా భూగోళమూ అయిపోయాయా?

పథకం ఆఫీసు మంగళ, గురువారాల్లో పదకొండు నుంచి ఒంటిగంట దాకా మాత్రమే ఉంటుంది. కుర్చీలుండవు, గోడకు చేరగిలబడి నిలబడాలి. అది యోగాభ్యాసం. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు పైసా అడగని జీరో టికెట్ పెట్టిన తర్వాత ఎన్నిసార్లు తిప్పినా పాపం అంటదని ఆఫీసు వాళ్లకు కూడా ధైర్యం వచ్చింది.

ఇక మిగిలింది చట్టం. చదువు ఆగిన ఇరవై ఏళ్లూ ఏం చేసిందో స్టాంప్ పేపరు మీద రాసి, నోటరీ సంతకంతో తెమ్మన్నారు. దాన్ని గ్యాప్ సర్టిఫికెట్ అంటారు.

సికింద్రాబాద్ కోర్టు దగ్గర మునీర్ భాయ్ ముప్పై ఏళ్లుగా నోటరీ. కంప్యూటర్‌లో ఫార్మాట్ తయారుగా ఉంది. పేరు, ఏళ్లు మార్చి రెండు నిమిషాల్లో ప్రింట్ తీసి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. కల్పలత పెన్ను మూత తీసి, అలవాటు కొద్దీ ఒకసారి చదివింది. ‘పై కాలములో నేను ఏ పనియు చేయక ఇంటి వద్ద ఖాళీగా ఉంటిననియు, చట్టవిరుద్ధమైన కార్యకలాపములలో పాల్గొనలేదనియు ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాను.’

రెండో సగంతో ఆమెకు పేచీ లేదు. మొదటి సగం దగ్గర పెన్ను ఆగిపోయింది.

"గిది జెర మార్చుండ్రి మునీర్ భాయ్. నేను ఖాళీగ లేను" అంది.

మునీర్ భాయ్ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఇలాంటివి వేలల్లో చూసినవాడు. "పని చేసిన్నని రాస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడుగుతరమ్మా. జీతం స్లిప్ అడుగుతరు. ఎందుకు తక్లీఫ్? ఖాళీగున్ననంటే ఎవ్వరు ఏం అడగరు" అన్నాడు.

నిజమే. ఇంట్లో ఖాళీగా ఉన్నానన్న ఆడదాన్ని ఇంతవరకూ ఎవరైనా రుజువు అడిగారా? ఎంత సౌకర్యం!

కల్పలత కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం హరికిషన్‌ను షాపు తరఫున ఒక ఎక్స్‌పీరియన్స్ లెటర్ రాసిమ్మంది. ఆయన ముందు పరాచికం అనుకుని నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఓపిగ్గా చెప్పాడు.

"నువ్వు పని చేసినవ్. కాదంటలేను. గని నేను నిన్ను పనిల పెట్టుకోలే గదా. ఇంటి మనిషివి."

ప్రేమగానే అన్నాడు. అందుకే అది ఆమెకు ఎక్కడో లోపల తగిలింది. కసురుకుని ఉంటే తిరిగి కసురుకునేది. లేచి అన్నాలు వడ్డించింది. ఆ పూట పప్పులో ఉప్పు లేదు. ఉప్పు అడిగే సాహసం ఎవరూ చేయలేదు.

ఏందా కాగితమని దేవమ్మ మనవరాలిని అడిగింది. సృజన చదివి వినిపించింది. దేవమ్మకు పక్షవాతం తర్వాత మాట కొంచెం ముద్దగా వస్తుంది కాబట్టి తక్కువ మాట్లాడుతుంది. మొత్తం విని, కొడుకు వైపు తిరిగి, "ఖాళీగుంటే నన్ను లేపింది ఎవలు? గోడనా?" అంది. మళ్లీ తన కంచంలోకి చూసుకుంది.

పొద్దున హరికిషన్ షాపు లెటర్‌హెడ్ తీశాడు. బిల్లులు తప్ప ఇంకేదీ రాయని మనిషి. మూడు కాగితాలు కొట్టేసి నాలుగోది నిలబెట్టాడు. శ్రీమతి కల్పలత పదిహేడేళ్లుగా మా షాపులో మోటార్ వైండింగ్ పని చేస్తున్నారు, పని చాలా మంచిగా ఉంటుంది, ఇప్పటిదాకా ఒక్క మోటార్ సుత వాపసు రాలేదు అని రాశాడు. జీతం అన్నచోట ఆగి, ఏం రాయాలని అడిగాడు. ఉన్నదే రాయమంది. ‘లేదు’ అని రాశాడు. రాసి ఆ మాట వైపే చూస్తూ కూర్చున్నాడు. గుమ్మంలో గిరాకీ రెండుసార్లు పిలిస్తే గాని వినపడలేదు.

మునీర్ భాయ్ ఫార్మాట్ మార్చి, కొత్త కాగితం మీద సంతకం పెట్టాడు. కల్పలత గురువారం నాడు వెళ్లి, పథకం కోఆర్డినేటర్ ప్రేమమణి మేడంకు అన్నీ అప్పగించింది. ప్రేమమణికి యాభై దగ్గర ఉంటాయి. మెత్తగా మాట్లాడుతుంది. రెండు కాగితాలూ రెండుసార్లు చదివి, కమిటీకి పంపుతానంది.

పదిహేను రోజులకు కమిటీ నిర్ణయం వచ్చింది. అందులోని న్యాయం చూడండి. ఈ పథకం పని లేని మహిళలకు మాత్రమే కాబట్టి, పదిహేడేళ్లుగా పని చేస్తున్న కల్పలత ఫీజుకూ స్టైపెండ్‌కూ అర్హురాలు కాదు. అనుభవం ఉన్నవాళ్లకు కెరీర్ సెల్‌లో ప్రత్యేక ప్రాధాన్యం ఉంది గాని, జీతం లేని పనిని పనిగా లెక్కించలేరు కాబట్టి దానికీ అర్హురాలు కాదు. పని చేసినందుకు ఒకటి పోయింది, చేయనందుకు ఇంకొకటి పోయింది. ఒకే మనిషి గురించి ఇంత సమగ్రంగా ఆలోచించే కమిటీలు ఎన్నుంటాయి?

ప్రేమమణి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పింది. పాత ఫార్మాట్ మీదే సంతకం పెట్టి ఇస్తే ఇవాళే ఫైలు మార్చి పంపిస్తానంది. మూడు లైన్ల కాగితం, ఎవరు చదువుతారు?

కల్పలత బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఫీజుకు పది రోజులే గడువు. స్టైపెండ్ వస్తే షాపుకు మనిషిని పెట్టుకోవచ్చు. రాకపోతే సీటు పోతుంది. ఒక్క సంతకం. నిజం చెప్పాలంటే చేయి లాగింది. పాత కాగితం బ్యాగులో ఇంకా ఉంది, తీసి ఒళ్లో పెట్టుకుంది. ఖాళీగా ఉంటిననియు. అక్షరాలు అలాగే ఉన్నాయి. కాసేపటికి లోపలికి వెళ్లి దాన్ని ప్రేమమణి టేబుల్ మీద పెట్టింది, సంతకం లేకుండా.

"మా అత్తమ్మ దీన్ని చదివించుకొని విన్నది మేడం. సంతకం పెట్టి ఇంటికి పోతే ఆమె మొఖం ఎట్ల చూస్త?"

ప్రేమమణి ఆ కాగితాన్ని తన సొరుగులో పెట్టుకుంది.

ఇంట్లో ఎవరూ కేకలు వేయలేదు, ఏడవలేదు. హరికిషన్ మర్నాడే వైండింగ్ మనిషి కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఒకతను వచ్చి మోటార్‌కు ఇంతని రేటు చెప్పాడు. హరికిషన్ బజారంతా విచారిస్తే అందరిదీ అదే రేటు. ఆ లెక్కన పదిహేడేళ్లకు ఎంతవుతుందో ఆయన మనసు వద్దన్నా గుణించుకుంటూ పోయింది. ఇంటికొచ్చి తల్లికి ఆ రేటు చెప్పాడు, ఎంత అన్యాయమో చూడమని. దేవమ్మ తొణకలేదు. ఆ రేటు కల్పలతకే ఇమ్మంది.

అలా కల్పలత పొద్దున రెండు గంటలూ, ఆదివారం పూర్తిగా వైండింగ్ చేస్తుంది. బజారు రేటు ప్రకారం మోటార్‌కు ఇంతని తీసుకుంటుంది. మిగతావి వేరే మనిషి చేస్తాడు. షాపు నుంచి అడ్వాన్సు తీసుకుని గడువుకు ఒకరోజు ముందు ఫీజు కట్టింది. పథకం ఇస్తానన్న స్టైపెండ్ కన్నా నెలకు ఇదే కాస్త ఎక్కువ వస్తోంది. అంటే ఆమెకు మొదటి నుంచీ కావలసింది సాయం కాదా? అలా అనకూడదు. అలా అనడం మొదలుపెడితే దేశంలో ఇన్ని పథకాలు ఏమైపోవాలి?

పోతే, కెరీర్ సెల్ దయగలది. స్టైపెండ్ రాని వాళ్లను కూడా వర్క్‌షాపులకు రానిస్తుంది. నవంబరులో ‘మీలో దాగిన నైపుణ్యాన్ని గుర్తించండి’ అని ఒకటి పెట్టారు. మళ్లీ చదువుకుంటున్న ఆడవాళ్లు ముప్పై మంది దాకా వచ్చారు. శిక్షకుడికి ఇరవై ఆరేళ్లుంటాయి. కరచాలనం ఎలా చేయాలో ముప్పావు గంట నేర్పాడు. తర్వాత అందరినీ కళ్లు మూసుకుని, నేను చేయగలను అని పదిసార్లు అనుకోమన్నాడు.

కల్పలత ఐదోసారి అనుకుంటుండగా ముక్కుకు వాసన తగిలింది. కాలుతున్న వార్నిష్ వాసన. ఆమెకు అది ఇంటి వాసనంత తెలుసు. కళ్లు తెరిచి పైకి చూసి, మూడో ఫ్యాన్ కాయిల్ కాలుతోంది, ఆపెయ్యమని చెప్పింది. ప్రశ్నలు చివర్లో అన్నాడు శిక్షకుడు, కళ్లు మూసుకునే. ఆమె మళ్లీ చెప్పింది. పాజిటివ్‌గా ఉండాలి మేడం అన్నాడు. అంతలో ఫ్యాన్‌లోంచి పొగ వచ్చింది. ముప్పై మందీ కళ్లు తెరిచారు.

కల్పలత లేచి వెళ్లి స్విచ్ ఆపింది. అటెండర్‌తో నిచ్చెన తెప్పించి, ఫ్యాన్ దింపి, మూత విప్పి, ఏ కాయిల్ పోయిందో చూపించింది. చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఒకామె ఎలా చుడతారని అడిగింది, ఒకామె వేలితో ముట్టుకుని చూసింది. అరగంటలో అక్కడ అసలు వర్క్‌షాపు జరిగిపోయింది. శిక్షకుడు కూడా శ్రద్ధగా నోట్స్ రాసుకున్నాడు.

ఎవరో ఆమె నిచ్చెన మీద ఉన్నప్పుడు ఫొటో తీశారు. జనవరికల్లా అది పథకం బ్రోచర్ ముఖచిత్రమైంది. గులాబీ చీరావిడ పోయి కల్పలత వచ్చింది. కింద ‘మా కెరీర్ సెల్ శిక్షణతో సాంకేతిక నైపుణ్యం సాధించిన గృహిణి’ అని వేశారు. ఒక్క గంటన్నర శిక్షణతో! ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయం సాధించింది ఇంతటి ఘనకార్యం?

ఫిబ్రవరిలో ప్రేమమణి కబురు చేసింది. బ్రోచర్ చూసి పథకం డైరెక్టర్‌గారు సంతోషించారట. కొత్తగా వచ్చే ఆడవాళ్లకు దారి చూపించడానికి వారానికి మూడు మధ్యాహ్నాలు కల్పలత మెంటర్‌గా రావాలట. గది ఇస్తారు, గుర్తింపు కార్డు ఇస్తారు. కెరీర్ సెల్ లెక్కల్లో దీన్ని ఉద్యోగం దొరికినట్టే చూపిస్తారు కూడా.

కల్పలత కాగితం మొత్తం చదివింది. ఇప్పుడు ఏ కాగితమైనా మొత్తం చదువుతోంది.

"జీతమెంత మేడం?"

"ఇది గౌరవ పదవి అండీ. గౌరవ పదవి అంటే..."

"తెలుసు మేడం. పదిహేడేండ్లు చేసిన."

గొంతులో వెటకారం లేదు. ల్యాబ్‌కు టైమవుతోందని బ్యాగు తీసుకుంది. ప్రేమమణి ఒక్క నిమిషం కూర్చోమంది. లేచి తలుపు వేసింది. తిరిగొచ్చి కూర్చుని, కిటికీ వైపు చూస్తూ చెప్పుకొచ్చింది. ఆమె పీహెచ్‌డీ మధ్యలో ఉండగా తండ్రికి మతిమరుపు జబ్బు వచ్చింది. పదకొండేళ్లు ఆయనకు తినిపించి, కడిగి, వీధులు పట్టి పోతే వెతికి తెచ్చుకుంది. ఆయన పోయాక ఇదే పథకం మొదటి బ్యాచ్‌లో తిరిగి చేరింది. పీహెచ్‌డీ అయింది. ఆరేళ్లుగా ఈ కుర్చీలో ఉంది. బోర్డు మీద ‘గౌరవ కోఆర్డినేటర్’ అని ఉంటుంది. బస్సు చార్జీలు ఇచ్చేవారు, జీరో టికెట్ వచ్చాక అవీ ఆపేశారు.

జీతం అడగలేదా అని కల్పలత అడిగింది.

"ఖాళీగా ఉన్నానని నేనే సంతకం పెట్టి ఇచ్చాను కదండీ" అంది ప్రేమమణి. "ఖాళీగా ఉన్నదాన్ని పిలిచి కుర్చీ వేశారు, ఇంకేం అడుగుతాను అనిపించేది."

ప్రేమమణి టేబుల్ మీది ఫోన్ తన వైపు లాక్కుంది. డైరెక్టర్ నంబరు నొక్కింది. మొదట క్షేమసమాచారాలు అడిగింది, బ్రోచర్ బాగుందన్న మాటకు థాంక్స్ చెప్పింది. ఆ తర్వాత అడిగింది.

"సార్, మెంటర్ పోస్టుకు జీతమెంత?"

అటువైపు నుంచి వచ్చిన మాటలు చాలాసేపు వింది.

"లేదు సార్, ఆమె ఒక్కదానికే కాదు. నా ఆరేళ్ల జీతం కూడా అడుగుతున్నాను" అంది.

అవతల డైరెక్టర్‌గారు ఏమన్నారో కల్పలతకు వినపడలేదు. ప్రేమమణి మాత్రం ఫోన్ పెట్టెయ్యలేదు. ల్యాబ్‌కు టైమైపోయినా కల్పలత కూడా అక్కడి నుంచి కదల్లేదు.